నాలుగు చీరల స్థలం

మా సడ్డకుడి మీద నాకు అసూయ ఏ రోజు మొదలైందో చెప్పగలను. మా మామ అతణ్ణి ఇల్లుటం తెచ్చుకున్న రోజు. సడ్డకుడంటే తోడల్లుడు, నా భార్య చెల్లెలి భర్త. ఇల్లుటమంటే ఇల్లరికం. మా మామకు మగపిల్లలు లేరు. పెద్దల్లుణ్ణి నేనుండగా చిన్నల్లుణ్ణి ఇంట్లో పెట్టుకున్నాడు. నాకు గద్వాలలో, అదే వీధిలో, సొంత ఇల్లూ రెండు మగ్గాలూ ఉన్నాయి. అతనికి కొత్తకోట దగ్గరి పల్లెలో ఒక అన్న, ఆ అన్నకో ఇరుకిల్లు తప్ప ఇంకేం లేదు. న్యాయంగా చూస్తే మా మామ చేసింది సబబే. నేనెప్పుడూ న్యాయంగా చూడలేదు.

పండక్కి అందరం ఒకే బంతిలో కూచునేవాళ్ళం. మా అత్త పెరుగు వడ్డిస్తూ వచ్చేది. నా దగ్గర గరిటె గిన్నె అంచుకు తగిలేది, అతని దగ్గర నడిమికి మునిగేది. మీగడ నడిమిలోనే కదా ఉంటుంది. ఈ సంగతి నా భార్యతో చెబితే, "నువ్వు పెరుగు తింటున్నవా, గరిటెను కాపలా కాస్తున్నవా?" అని అడిగింది. ఆ తర్వాత ఆమెకు చెప్పడం మానేశాను, చూడటం మానలేదు.

పైగా అతను మంచివాడు. అదే పెద్ద ఇబ్బంది. తాగుబోతో తగవులమారో అయితే నా పని తేలికయ్యేది. నన్ను "అన్నా" అని పిలిచేవాడు, నేను ఎదురైతే తలగుడ్డ తీసేవాడు. కుట్టు అంచు వేయడంలో మాత్రం నన్ను మించినవాడు. నూలు చీరకు పట్టు అంచు కలిపేచోట అతని చేతిలో అతుకు కనిపించేది కాదు. నా చీర మీద వేలు పెట్టి చూస్తే సన్నగా తగిలేది. వేరేవాళ్ళకు తెలిసేది కాదు, నాకు తెలిసేది.

నాకూ ఒక గొప్ప ఉండేది. పడుగంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు. మా వీధిలో అందరూ రెండు చీరల పడుగో మూడు చీరల పడుగో వేసేవాళ్ళు. నాలుగు చీరల పడుగు వేసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఒకసారి మగ్గమెక్కిస్తే నాలుగు చీరలు దిగేదాకా చూసుకోనక్కర్లేదు. అంత పొడవు నూలును చిక్కు పడకుండా తెగకుండా సాచడానికి ఓపిక ఉండాలి. మనుషుల విషయంలో లేని ఓపిక నాకు నూలు దగ్గర ఉండేది.

ఆ పడుగు సాచడమనేది ఇంట్లో జరిగే పని కాదు. మగ్గం గుంత ఎవరింట్లో వాళ్ళకుంటుంది గానీ, పడుగుకు వీధే కావాలి. తెల్లవారగానే నూలును వీధి పొడవునా పరిచి, రెండు కొసలా గుంజలు పాతి బిగించి, గంజి చిలకరించి, పెద్ద కుంచెతో దువ్వి, తెగిన పోగులకు ముడి వేస్తూ పోవాలి. ఎండ ముదరకముందే ఆరాలి. ఇంటిల్లిపాదీ చేతులు పడాల్సిందే. స్థలం మాత్రం వంకర లేకుండా ఉండాలి. మా వీధిలో అట్లాంటి చోటు ఒక్కటే, మా మామ గడప నుంచి వీధి మలుపు తిరిగేచోట ఉన్న నా గడప దాకా. అందరం వంతులు వేసుకుని అక్కడే సాచుకునేవాళ్ళం. ఎవరి వంతు ఏ రోజో తాతల నాటి నుంచీ ఖాయం. ఎవరూ ఎవరినీ అడిగే పని లేదు.

ఇంకో మాట చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మేం దూరాన్నీ పొడవునూ చీరల్లో చెప్పుకునేవాళ్ళం. చీర అంటే పదహారు మూరలు. బావి ఎంత దూరమంటే ఆరు చీరలు. మా మేనత్త ఒకసారి దొడ్లో పామును చూసి, "పావు చీర ఉంది" అని వచ్చి చెప్పింది. ఎవరూ నవ్వలేదు, కట్టెలు తీసుకుని పరుగెత్తాం.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు అనుకుంటాను, ఒక ఉదయం దండోరా వేశారు. డప్పు కొట్టే మనిషి వెంట సర్కారు కచేరీ జవాను ఒకడు కాగితం పట్టుకుని వచ్చాడు. జవాను ముందు ఉర్దూలో చదివాడు, డప్పు మనిషి దాన్ని మా మాటల్లోకి తెచ్చాడు.

"ఇనుండ్రయ్యా. ఇయ్యాల్టి నుంచి రస్తా సర్కారుది. రస్తా మీదికొచ్చిన అరుగులు ఎవలియి వాళ్ళే కొట్టేసుకోవాలె. రస్తాల గుంజలు పాతుడు బందు. పాతాలంటే కచేరీల దరఖాస్తు పెట్టి, ఎంత జాగ కావాలెనో రాసి, ఇజాజత్ తీసుకోవాలె."

బండ్లూ మోటార్లూ తిరగడానికి వీధులు వెడల్పు చేయాలని పై నుంచి హుకుం వచ్చిందట. మా వీధిలోకి మోటారు ఎందుకొస్తుందో మాకర్థం కాలేదు. అది రానూ లేదు. తాడు పట్టుకుని కొలిచేవాళ్ళు మాత్రం నాలుగు రోజుల్లో వచ్చారు.

మా ఇంటి అరుగు రెండు మూరలు రస్తాలోకి ఉందన్నారు. మా నాయన కట్టిన అరుగు, సాయంత్రం పూట నేను కూచునే అరుగు. సగానికి కొట్టించాను. మిగిలిన సగం మీద మనిషి కూచుంటే మోకాళ్ళు వీధిలోకి వచ్చేవి. మా మామ ఎప్పుడో ఏ ఆలోచనతోనో తన ఇల్లు వెనక్కి జరిపి కట్టాడు. తాడు పట్టి చూస్తే ఆ ఇంటి అరుగు గీతకు బెత్తెడు లోపలే ఉంది. అంటే సడ్డకుడి అరుగు నిలిచింది. ఆ రోజు సాయంత్రం అతను వచ్చి, "అన్నా, మా అరుగు మీదికొచ్చి కూసో" అన్నాడు. 'మా' అరుగట.

ఆ అలకతో వారం పది రోజులు కచేరీ వైపు వెళ్ళలేదు. సర్కారు రస్తా అయితే సర్కారే నేసుకోనీ అని ఇంట్లో కూచున్నాను. నా వంతు దగ్గరపడేసరికి ఇక తప్పక తలగుడ్డ చుట్టుకుని దరఖాస్తు పెట్టడానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా నా వీధి పేరు వినగానే కాగితాల దఫ్తరం విప్పి చూసి, "ఆ జాగ ఇచ్చేసినం గదా. మీ వీధాయనే వచ్చి తీసుకపోయిండు. పడుగు ఏసుకోవాలంటే ఆయన్నే అడుగు" అన్నాడు.

ఎవరని అడగనక్కర్లేదు. గుమాస్తా చేతిలో ఆ దరఖాస్తు నాలుగు మడతలు పడి ఉంది. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. పై మడతలో సడ్డకుడి పేరు సగం కనిపించింది. కింద రెండే మాటలు: నాలుగు చీరలు. ఆ పక్కనే గుండ్రటి ముద్ర. "మంజూరైంది" అని గుమాస్తా కాగితం మళ్ళీ దఫ్తరంలో పెట్టేశాడు.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. బావి దూరాన్ని ఆరు చీరలని చెప్పేవాణ్ణి, పామును పావు చీరని కొలిచే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు మాత్రం అర్థం కాలేదు. నేను చూసింది నాలుగు చీరలు, ముద్ర. నాలుగు కుట్టు అంచు చీరలు లంచమిచ్చి, తాతల నాటి వీధిని తన పేర రాయించుకున్నాడు. ఇంటికి నడిచి వచ్చేలోపు ఆ చీరల రంగులు కూడా నా కళ్ళకు కట్టాయి. ఒకటి పసుపు మీద ఎరుపంచు, ఒకటి ఆకుపచ్చ. ఇల్లు దక్కింది, అరుగు దక్కింది, ఇప్పుడు వీధీ దక్కింది. ఇంత బతుకూ బతికి నేను పోయి అతణ్ణి అడగాలి.

అడిగే అవసరం అతను రానివ్వలేదు. మరునాడు తనే వచ్చాడు.

"అన్నా, ఎల్లుండి నీ వంతు. పొద్దుగాల్నే గుంజలు పాతిపెడ్త. నీ మరదలు సుత వస్తది, పోగులు ముడి ఏయనీకి."

"నా పడుగు నేను ఊరి బయట సాపుకుంట" అన్నాను.

"ఆడ గాలి గదన్నా. నీది నాలుగు చీరల పడుగు."

"నా పడుగెంతనో నాకు తెల్వదా?"

అతను తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు. నా భార్య లోపలి నుంచి అంతా విన్నది. "జాగ అడ్డం లేకుంట ఇస్తనంటే ఏమొచ్చింది నీకు?" అంది.

ఊరి బయట నేల అంతా రాళ్ళు. గుంజ దిగదు, దిగినా నిలవదు. పొద్దెక్కకముందే గాలి లేచేది. నాలుగు చీరల పొడవు నూలు ఆ గాలికి ఊగి పటుక్కుమని తెగేది. నా భార్య ఆ కొస నుంచి ఈ కొస దాకా వంగి ముళ్ళు వేస్తూనే ఉండేది. ఆమె వేళ్ళ కొసలు పగిలాయి. రెండు చీరల పడుగు వేసుకుందామని ఆమె అడిగింది. నేను ఒప్పుకోలేదు. వీధిలో వేసినట్టే నాలుగు వేస్తానన్నాను. ఆరు నెలలు అట్లాగే చేశాం.

ఇటు వీధిలో ఏ తేడా లేదు. వంతులు పాతవే. సడ్డకుడు ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరినీ ఆపలేదు. కానీ ఇజాజత్ కాగితం అతని పేర ఉంది కాబట్టి, పడుగు సాచే ముందు ప్రతివాడూ అతని గడప దగ్గర ఒక్క నిమిషం ఆగి చెప్పి పోయేవాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా "బిడ్డా, నువ్వు పోయి కాయిదం తేకుంటే మా గతి ఏమయ్యేది" అనేవాళ్ళు. నేను సగం అరుగు మీద మోకాళ్ళు వీధిలోకి పెట్టుకుని కూచుని ఇదంతా వినేవాణ్ణి. హక్కుగా ఉన్నది అతని దయగా మారిపోయింది, దానికి వీళ్ళు సంతోషపడుతున్నారు. వీళ్ళ కళ్ళకేమైంది అనుకునేవాణ్ణి. నా కళ్ళకేమైందో అనుకోలేదు.

ఒకనాడు ఆకాశరామన్న ఉత్తరం రాయిద్దామన్న ఆలోచన వచ్చింది. గద్వాలలో అర్జీలు రాసేవాళ్ళందరికీ నా ముఖం తెలుసు. అందుకని నూలు చూసివస్తానని చెప్పి అమరచింత బయలుదేరాను. పుట్టిలో, అదే గుండ్రటి బుట్ట పడవలో, కృష్ణ దాటాను. నీళ్ళ నడిమిలో పుట్టి గిర్రున తిరిగినప్పుడు, పక్కన కూచున్న ముసలామె నా మోచేయి పట్టుకుని, "ఏం పని మీద పోతున్నవు బిడ్డా?" అంది. "మా తమ్ముని పని" అన్నాను. ఎందుకట్లా అన్నానో ఇప్పటికీ తెలియదు.

అమరచింత సంతలో ఒక అర్జీల రాతగాడు దొరికాడు. నేను చెప్పింది విని కలం పక్కన పెట్టాడు.

"నీ పేరు?"

"పేరొద్దు. ఊరి మేలు కోరేటోడని రాయుండ్రి."

"ఆయన నిన్ను పడుగు ఏసుకోనిస్తలేడా?"

"ఇస్తడు."

"మరి నీకొచ్చిన నష్టమేంది?"

నేను రాతకూలి తీసి అతని ముందు పెట్టాను. అతను నా వైపు కాసేపు చూసి, చిన్నగా నవ్వి, రాయడం మొదలుపెట్టాడు. నాలుగు చీరలు లంచం పుచ్చుకుని సర్కారు రస్తాను ఒక్కనికి కట్టబెట్టారని, విచారణ చేసి రద్దు చేయాలని. నేను చెప్పిన దానికంటే గట్టిగానే రాశాడు.

రెండు నెలలు ఏమీ జరగలేదు. కాగితం ఎక్కడో పోయిందనుకున్నాను. సగం దిగులు, సగం నెమ్మది. అప్పుడొకరోజు ఉదయం, వీధిలో ఎవరిదో పడుగు ఆరుతుండగా, పై అధికారి ఒకాయన టాంగా దిగాడు. వెంట జవానూ గుమాస్తా ఉన్నారు. గుమాస్తా ముఖంలో నెత్తురు లేదు. కుర్చీ వేయడానికి చోటు వెతికి, మలుపు దగ్గర నీడ ఉందని మా ఇంటి ముందే వేశారు. వీధి జనమంతా చుట్టూ చేరారు. నేను నా గడపలో నిలబడ్డాను, నా భార్య నా వెనక నిలబడింది.

అధికారి దరఖాస్తు విప్పి సడ్డకుణ్ణి పిలిచాడు.

"ఇందుల నాలుగు చీరలని రాయించినవు. ఎవలికిచ్చినవు? సచ్ చెప్పు."

"ఎవలికి ఇయ్యలేదు సాబ్. అది జాగ."

"చీరలంటే జాగనా?"

"పొడుగు సాబ్. నాలుగు చీరల పొడుగు. దరఖాస్తుల ఎంత జాగనో రాయమన్నరు గదా. మేం గట్లనే చెప్తం."

జాగ. పొడవు. నేను రోజూ అనే మాట.

చుట్టూ ఉన్నవాళ్ళు అవును సాబ్, అవును సాబ్ అన్నారు. అధికారి చేయెత్తి వాళ్ళను ఆపాడు. "మీరందరు ఈయన పేరు మీదనే పడుగులు ఏసుకుంటుండ్రు. ఈయన దిక్కే మాట్లాడ్తరు" అన్నాడు. తర్వాత సడ్డకుణ్ణి చూసి, "నీ పడుగెంత?" అని అడిగాడు.

"మూడు చీరలు సాబ్."

"మరి నాలుగెందుకు?"

"మా అన్నది నాలుగు చీరల పడుగు." అతను నా వైపు చెయ్యి చూపించాడు. "ఈ వీధిల గంత పడుగు ఏసేది ఆయన ఒక్కడే. మూడే రాయిస్తే ఆయనకు సరిపోదు. గందుకే నా గడప కెల్లి ఆయన గడప దాంక రాయించిన. ఆయన అరుగు తీసేసిన బాధల ఉండె, కచేరీకి పొయ్యేటట్టు లేకుండె."

అధికారి కుర్చీలో తిరిగి నన్ను చూశాడు.

"నువ్వు ఈడ పడుగు ఏస్తవా?"

"లేదు సాబ్. ఊరి బయట ఏస్త."

"ఈ ఇజాజత్‌తోని నీకేం ఫాయిదా లేదన్నట్టు."

"లేదు సాబ్."

"అచ్ఛా. అయితే నువ్వు చెప్పు. మీ పనిల చీరంటే పొడుగా?"

వీధంతా నా నోటి వైపు చూసింది. ఒక్క మాట చాలు. అవునంటే అంతా సర్దుకుంటుంది. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా. అప్పుడు సడ్డకుడు నన్ను చూసి కొంచెం నవ్వాడు. పెద్దవాడు ఉన్నాడు, చెబుతాడు అన్న ధైర్యంతో నవ్విన నవ్వు. నా నాలుగు చీరల గొప్ప కూడా అతను కాగితం మీదికెక్కించి, నా కోసం అడిగి తెచ్చిపెట్టాడు. నేనొక్కణ్ణే నిలబెట్టుకున్నదాన్ని కూడా అతనే నాకిచ్చాడు. దొంగ అయ్యుంటే క్షమించేవాణ్ణేమో. ఇది ఓర్చుకోలేకపోయాను.

"తెల్వదు సాబ్" అన్నాను.

"తెల్వదా?"

"నాకు తెల్వదు."

నా వెనక నా భార్య ఊపిరి గట్టిగా పీల్చడం వినిపించింది. జనంలో ఒకరు ఏదో అనబోతే జవాను కసిరాడు. అధికారి కాసేపు కాగితం చూసి, దాని మీద ఏదో రాసి, లేచాడు. ఇజాజత్ రద్దయింది. మళ్ళీ హుకుం అయ్యేదాకా ఆ వీధిలో ఎవరూ గుంజ పాతకూడదన్నారు. గుమాస్తాను నాగర్‌కర్నూలు వైపు ఎక్కడికో మార్చారని తర్వాత విన్నాం. ఆ రోజు ఆరుతున్న పడుగును జవాను దగ్గరుండి తీయించాడు. గంజి తడి ఆరకముందే చుట్టేసరికి అది అట్టలు కట్టింది. ఆ ఇంటామె దాన్ని ఒళ్ళో పెట్టుకుని గడపలోనే కూచుండిపోయింది.

నా భార్య ఆ పూట పొయ్యి వెలిగించలేదు. "ఇరవై ఏండ్ల నుంచి నేస్తున్నవు. చీరెంతనో తెల్వదంటివి" అంది. అంతే అంది. అర్జీ రాయించింది నేనేనని ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు.

పొద్దు వాలకముందే సడ్డకుడు వచ్చాడు. తిడతాడని, కనీసం ఎందుకట్లా అన్నావని అడుగుతాడని సిద్ధమై కూచున్నాను. తిడితే తిరిగి తిట్టడానికి మాటలు కూడా కూర్చుకున్నాను. అతను సగం అరుగు మీద నా పక్కన ఒదిగి కూచున్నాడు.

"నువ్వు పరేషాన్ గాకన్నా" అన్నాడు. "గా సాబు గట్ల గుర్రుమని చూస్తే ఎవలికైన నోరు పడిపోతది. నేనైతే నా పేరే మర్చిపోతుంటి. తప్పు నాదే, మూరలల్ల రాయించాల్సింది. రేపటి నుంచి నీ పడుగు పక్కనే మేం సుత సాపుకుంటం. తడికెలు కట్టి గాలికి అడ్డం పెడ్త."

అన్నట్టే మరునాడు తడికెలు మోసుకొచ్చాడు. గాలి ముందు నా పడుగు వైపే వస్తుందని, మొదటి తడికె నా వైపే పాతాడు. రెండేళ్ళ దాకా వీధిలో గుంజలకు ఇజాజత్ రాలేదు. ఆ రెండేళ్ళూ వీధి వీధంతా రాళ్ళలో, గాలిలో పడుగులు సాచింది. నేనొక్కణ్ణే ఎంచుకున్న కష్టాన్ని అందరికీ పంచాను.

సడ్డకుడు పోయి చాలా కాలమైంది. చివరి రోజుల్లో దవాఖానలో అతని మంచం పక్కన రోజూ కూచునేవాణ్ణి. చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి. ఒకరోజు వచ్చినవాళ్ళెవరితోనో అతను నన్ను చూపిస్తూ, "మా అన్న మెత్తటి మనిషి, సర్కారోళ్ళంటే భయం" అన్నాడు. నేను పిరికివాణ్ణి కాదని చెప్పాలంటే, మరి ఎట్లాంటివాణ్ణో చెప్పాలి. చెప్పలేదు. అతను అదే నమ్మకంతో పోయాడు. మనిషిని అంత తేలిగ్గా నమ్మి, నిశ్చింతగా కళ్ళు మూసుకోగలిగాడు కదా అని ఇప్పటికీ అతణ్ణి చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.